పిల్లల దగ్గరికి వెళ్తున్నారా? ఏ ఊరి మెట్రో ఎవరికి నప్పుతుందో చూసుకోండి

సింగపూర్‌లో కూతురు, న్యూజెర్సీలో కొడుకు. ఈ ఎండాకాలం ఎవరి దగ్గరికి వెళ్లాలి? నెల్లూరు, కావలి, ఒంగోలు, కందుకూరు, ఏ ఊళ్లో చూసినా రిటైరైన దంపతుల ఇళ్లలో సంక్రాంతి దాటగానే ఈ చర్చ మొదలవుతుంది. ఫ్లైట్ టికెట్ ధర చూస్తారు, వీసా సంగతి కనుక్కుంటారు, అక్కడి చలి గురించి అడుగుతారు. వెళ్లాక రోజూ ఇల్లు దాటి బయటికి ఎట్లా వెళ్తారన్నది మాత్రం ఎవరూ అడగరు. తీరా వెళ్లాక పిల్లలు ఆఫీసులకి పోతే వీళ్లు సోమవారం నుంచి శుక్రవారం దాకా కిటికీ పక్కన కూర్చుంటారు. శనివారం వస్తే కారులో గుడికి, ఆదివారం మాల్‌కి. రెండు నెలలు ఇట్లా గడిచేసరికి ఇక చాలు, మన ఊరికి పోదాం అంటారు.

నడిచి వెళ్లేంత దూరంలో మంచి రైలు ఉంటే అవే రెండు నెలలు వేరేగా గడుస్తాయి. పదింటికి బయల్దేరి గుడికి వెళ్లి, అక్కడే కాసేపు కూర్చుని, వచ్చేటప్పుడు కూరగాయలు తెచ్చుకుని, పిల్లలు ఇల్లు చేరేలోపు వంట కూడా చేసి పెట్టొచ్చు. అందుకే ఏ నగరం మెట్రో పొడవైనది, ఏది అందమైనది అనే లెక్కలు ఇక్కడ పెద్దగా పెట్టుకోలేదు. అరవై దాటి, మోకాళ్లు కొంచెం ఇబ్బంది పెడుతూ, ఇంగ్లీషు చదవగలిగినా గబగబా మాట్లాడలేని మనిషి ఎవరి సాయమూ లేకుండా వెళ్లి రాగలరా? నా కొలబద్ద అదొక్కటే. చదువుకి వెళ్లే పిల్లల లెక్క వేరు కాబట్టి వాళ్ల సంగతి చివర్లో చెప్తాను.

ముందు చూడాల్సింది లిఫ్టు. లిఫ్టు ఉంది అంటే సరిపోదు. రోడ్డు మీద నుంచి ప్లాట్‌ఫాం దాకా, ప్లాట్‌ఫాం మీద నుంచి పెట్టెలోకి ఒక్క మెట్టు కూడా ఎక్కకుండా వెళ్లగలమా అని అడగాలి. పాత నగరాల్లో సగం దూరం ఎస్కలేటర్ పెట్టి, చివర్లో మెట్లు అట్లాగే వదిలేసిన స్టేషన్లు బోలెడు. రెండోది తప్పు బండి ఎక్కే ప్రమాదం. ఒక ప్లాట్‌ఫాం మీదికి ఒకే లైను బండి వచ్చే చోట తప్పిపోవడం కష్టం. అవే పట్టాల మీద మూడు నాలుగు రకాల బళ్లు వచ్చే చోట ఆరితేరినవాళ్లు కూడా పొరపాటు పడతారు. డబ్బు కట్టే పద్ధతి ఒకప్పుడు పెద్ద తలనొప్పి, ఇప్పుడు చాలా చోట్ల బ్యాంకు కార్డు గేటుకి ఆనిస్తే సరిపోతుంది. వీటన్నిటికంటే ముఖ్యం, ఇంటి నుంచి స్టేషన్ ఎంత దూరం. ఎంత గొప్ప మెట్రో అయినా మూడు కిలోమీటర్ల అవతల ఉంటే, కారు నడపలేని వాళ్లకి అది ఉన్నా లేనట్టే.

మొదటిసారి అయితే సింగపూర్

విదేశం ఎప్పుడూ చూడని వాళ్లు ముందు సింగపూర్ వెళ్లి రావాలని నేను గట్టిగా చెప్తాను. ఎంఆర్‌టీ అని పిలిచే అక్కడి మెట్రో 1987 నవంబర్ 7న మొదలైంది. లండన్‌తో, న్యూయార్క్‌తో పోలిస్తే నిన్నమొన్నటిది. ఆలస్యంగా కట్టడం వాళ్లకి కలిసొచ్చింది. స్టేషన్లన్నిటికీ లిఫ్టులున్నాయి, ప్లాట్‌ఫాం అంచున తలుపులున్నాయి. మొదట్లో లేని పాత స్టేషన్లకి కూడా తర్వాత పెట్టారు. బండి వచ్చి ఆగాకే ఆ తలుపులు తెరుచుకుంటాయి కాబట్టి పట్టాల మీద పడిపోతామేమో అన్న భయమే ఉండదు. మనవణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లే తాతయ్యకి ఇది ఎంత ధైర్యమో వేరే చెప్పక్కర్లేదు.

నెల్లూరు వాళ్లకి ఇంకో వెసులుబాటు ఉంది. సింగపూర్ అధికార భాషల్లో తమిళం ఒకటి, స్టేషన్ పేర్లు తమిళంలో కూడా రాసి ఉంటాయి. మన వైపు తమిళం అర్థం కాని పెద్దవాళ్లు తక్కువే. ఆస్పత్రి పనుల మీద, పెళ్లి బట్టల కోసం మద్రాసు తిరిగి తిరిగి కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నవాళ్లు కూడా ఉన్నారు. దారి తెలియకపోతే లిటిల్ ఇండియాలో ఎవరినైనా తమిళంలో అడిగేయొచ్చు.

అక్కడ నాకు అన్నిటికంటే నచ్చింది స్టేషన్ల నంబర్లు. ప్రతి స్టేషన్‌కి పేరుతో పాటు లైను గుర్తు, దాని పక్కన అంకె ఉంటాయి. దోబీ ఘాట్ ఎన్‌ఈ 6, లిటిల్ ఇండియా ఎన్‌ఈ 7, ఫారర్ పార్క్ ఎన్‌ఈ 8. దోబీ ఘాట్‌లో ఎక్కాక తర్వాత 7 వస్తే సరైన దారి. 5 వచ్చిందంటే దిగి ఎదురు వైపు వెళ్లే బండి ఎక్కాలి. పేరు పలకడం రాకపోయినా అంకెలు చూసుకుంటూ పోవచ్చు. ఫారర్ పార్క్‌లో దిగితే శ్రీనివాస పెరుమాళ్ గుడి, ముస్తఫా సెంటర్ రెండూ నడక దూరంలోనే ఉంటాయి. ఇక్కడ పెన్న ఒడ్డున రంగనాయకుల గుడికి వెళ్లకపోతే తోచని వాళ్లకి అక్కడ ఆ గుడి పెద్ద ఆసరా.

జాగ్రత్తలు రెండు. రైల్లో, స్టేషన్లో తినడం తాగడం నిషేధం, జరిమానా 500 సింగపూర్ డాలర్ల దాకా ఉంటుంది. మంచినీళ్లు కూడా ఆ నిషేధంలోకే వస్తాయి. షుగర్ ఉన్నవాళ్లు స్టేషన్ లోపలికి వెళ్లే ముందే ఏదైనా తినేయాలి. రెండోది, బస్సు ఎక్కినప్పుడే కాదు, దిగేటప్పుడు కూడా కార్డు ఆనించాలి. బస్సు, రైలు కలిపి ప్రయాణం మొత్తం దూరానికి ఛార్జీ లెక్క వేస్తారు. దిగేటప్పుడు మర్చిపోతే చివరి స్టాపు దాకా వెళ్లినట్టు కోసేస్తారు.

దుబాయ్: చలికాలంలో హాయి

దుబాయ్ మెట్రో 2009 సెప్టెంబర్ 9న రెడ్ లైనుతో మొదలైంది, రెండేళ్లకి గ్రీన్ లైను వచ్చింది. బండికి డ్రైవర్ ఉండడు. ఆడవాళ్లకీ పిల్లలకీ వేరే పెట్టె ఉంది. నేల మీద గులాబీ రంగు గీత ఉంటుంది, మగవాళ్లు దాన్ని దాటి అటు వెళ్తే 100 దిర్హాముల జరిమానా. భార్యాభర్తలు కలిసి వెళ్తుంటే ఇద్దరూ మామూలు పెట్టెలోనే ఎక్కడం మంచిది. ఒకరు ఇటు, ఒకరు అటు ఎక్కితే దిగే చోట వెతుక్కోవాల్సి వస్తుంది. కార్డు పేరు నోల్. వెండి రంగు కార్డుతో వెళ్తే జోన్లను బట్టి 3, 5, 7.5 దిర్హాములు పడుతుంది. బంగారు రంగు కార్డుకి అంతకు రెట్టింపు కాబట్టి మనకి అక్కర్లేదు.

రెండే లైన్లు కాబట్టి తప్పిపోయే భయం తక్కువ. రెడ్ లైను జబల్ అలీ దగ్గర రెండుగా చీలుతుంది, అంత దూరం వెళ్లేవాళ్లు బండి ముందు రాసిన చివరి స్టేషన్ పేరు చూసుకుంటే సరిపోతుంది. ఆ స్టేషన్ పేర్లే కొంచెం చిక్కు. కంపెనీలు డబ్బు కట్టి పేర్లు పెట్టుకునే పద్ధతి ఉండటంతో అవి మారుతుంటాయి. ఒకప్పటి దుబాయ్ మెరీనా స్టేషన్ తర్వాత శోభా రియల్టీ అయింది. రెండేళ్ల కిందట వెళ్లొచ్చిన వాళ్లు చెప్పిన పేరు ఇవాళ బోర్డు మీద కనపడకపోవచ్చు. బయల్దేరే ముందు కొత్త మ్యాపు ఒకసారి చూసుకోవాలి.

నడక సంగతి కూడా తెలుసుకోండి. బుర్జ్ ఖలీఫా, దుబాయ్ మాల్ స్టేషన్లో దిగి మాల్ లోపలికి చేరాలంటే దాదాపు 800 మీటర్ల ఏసీ వంతెన మీద నడవాలి. కదిలే పట్టీలు ఉన్నాయి గానీ మధ్యమధ్యలో నడవక తప్పదు. ఎండాకాలంలో స్టేషన్ దాకా చల్లగానే ఉంటుంది, బయట అడుగు పెడితే మన రోహిణి కార్తె ఎండ కూడా మేలనిపిస్తుంది. నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపు వెళ్లగలిగితే సింగపూర్ తర్వాత దీనికే నా ఓటు. షార్జాలో ఉండే పిల్లల దగ్గరికి వెళ్లేవాళ్లు మాత్రం దీన్ని లెక్కలోంచి తీసేయండి. మెట్రో అక్కడి దాకా రాదు.

లండన్: లైను చూసి ఎక్కాలి

లండన్ మెట్రో ప్రపంచంలోనే మొదటిది. 1863 జనవరి 10న పాడింగ్టన్, ఫారింగ్డన్ మధ్య బొగ్గు ఇంజన్లతో నడిచింది. అప్పటికి మన నెల్లూరుకి రైలే రాలేదు. అంత పాతది కావడమే దాని గొప్ప, దాని కష్టం కూడా. 272 స్టేషన్లలో మెట్లు లేకుండా వెళ్లగలిగేవి దాదాపు మూడో వంతే. మట్టిలో లోతుగా తవ్విన గుండ్రటి సొరంగాలు బండికి సరిపోయేంత ఇరుకుగా ఉంటాయి. ఏసీ యంత్రాలు పెట్టడానికి, ఆ వేడి బయటికి పంపడానికి చోటు లేదు. నూరేళ్లకు పైగా బళ్ల వేడి పీల్చుకుని చుట్టూ ఉన్న బంకమట్టే వేడెక్కిపోయింది. అందుకే జులైలో సెంట్రల్ లైను ఎక్కితే చెమటలు పడతాయి, లండన్ చల్లగా ఉంటుందని ఉన్ని స్వెటర్ వేసుకున్న మన పెద్దవాళ్లు ఉక్కిరిబిక్కిరి అవుతారు.

మెట్ల సంగతికి ఒక ఉదాహరణ చాలు. కోవెంట్ గార్డెన్ స్టేషన్లో లిఫ్టు ఉంది. అది ఆగిపోయినా, జనం ఎక్కువై వెయిట్ చేయలేక మెట్ల దారి పట్టినా 193 మెట్లు. గుండ్రంగా తిరిగే మెట్లు, మధ్యలో కూర్చోవడానికి చోటు లేదు. పక్కనున్న లెస్టర్ స్క్వేర్ స్టేషన్ నుంచి అక్కడికి పట్టాల మీద దూరం 300 మీటర్లు కూడా ఉండదు. రైలెక్కే బదులు రోడ్డు మీద నడిచి వెళ్లడమే సుఖం.

ఇదంతా చెప్పాక లండన్ వద్దంటానని అనుకోకండి. 2022 మే 24న ఎలిజబెత్ లైను మొదలయ్యాక పరిస్థితి చాలా మారింది. దాని 41 స్టేషన్లలోనూ మెట్లు లేని దారి ఉంది. పెట్టెలు పొడవు, ఏసీ ఉంది, నగరం మధ్యలోని భూగర్భ స్టేషన్లలో ప్లాట్‌ఫాం తలుపులు కూడా ఉన్నాయి. హీత్రో విమానాశ్రయం నుంచి ఇల్‌ఫోర్డ్ వైపు దాకా, అటు స్లౌ మీదుగా రీడింగ్ దాకా వెళ్తుంది. పిల్లలు ఇల్లు మారే ఆలోచనలో ఉంటే, అమ్మానాన్నలు ఏటా వస్తారనుకుంటే, ఈ లైను పక్కన వెతకమని చెప్పండి. అద్దె కొంచెం ఎక్కువైనా దానికి తగ్గ ఫలితం ఉంటుంది.

విమానాశ్రయం నుంచి ఇంటికి రావడానికి రెండు దారులు పోల్చి చూడండి. పికడిల్లీ లైను ఛార్జీ ఎలిజబెత్ లైనులో సగం కూడా ఉండదు. రెండు పెద్ద సూట్‌కేసులు, ఆవకాయ జాడీలున్న బ్యాగు పట్టుకుని పికడిల్లీ లైను పెట్టెలో నిలబడటం ఎంత కష్టమో ఎక్కినవాళ్లకే తెలుసు. పైకప్పు తలకి తగిలేంత కిందికి ఉంటుంది, సామాను పెట్టుకునే చోటు తక్కువ, నగరం దగ్గరయ్యే కొద్దీ జనం నిండిపోతారు. వచ్చే రోజు ఎలిజబెత్ లైను, చేతిలో బ్యాగు తప్ప ఏమీ లేని రోజున పికడిల్లీ. నా సలహా అంతే.

డబ్బు విషయంలో లండన్ పద్ధతి మంచిది. వీసా గానీ మాస్టర్‌కార్డ్ గానీ గేటుకి ఆనిస్తే రోజుకి ఇంత, వారానికి ఇంత అని ఒక గరిష్ఠ పరిమితి ఉంటుంది, అది దాటాక ఇక కోయరు. ఒకే కార్డు వాడితేనే ఆ లెక్క పనిచేస్తుంది. పొద్దున ప్లాస్టిక్ కార్డు, సాయంత్రం అదే కార్డు ఫోన్లో ఆనిస్తే రెండు వేర్వేరు కార్డుల కింద లెక్కేస్తారు. ఒక కార్డు మీద ఇద్దరు వెళ్లడానికి కూడా వీల్లేదు. ఎస్కలేటర్ మీద కుడి వైపు నిలబడాలి, ఎడమ వైపు నడిచి వెళ్లేవాళ్లకి వదలాలి. ఇది చిన్న విషయమే గానీ వెనక నుంచి ఎవరో తొందరపెడుతుంటే పెద్దవాళ్లకి టెన్షన్ వస్తుంది, ముందే చెప్పి పంపండి.

న్యూయార్క్, న్యూజెర్సీ: ఒంటరి ప్రయాణం ఆలోచించి చేయండి

అమెరికా అనగానే మనకి గుర్తొచ్చేది న్యూజెర్సీ. అక్కడున్నవి మూడు రకాల రైళ్లు, మూడింటికీ మూడు టికెట్లు. ఎడిసన్, మెట్రోపార్క్ వైపు నుంచి న్యూయార్క్ పెన్ స్టేషన్‌కి వెళ్లేది న్యూజెర్సీ ట్రాన్సిట్. అది మన చెన్నై సబర్బన్ రైలు లాంటిదే కానీ పెద్దది. జెర్సీ సిటీలో ఉండేవాళ్లకి పాథ్ అనే రైలు ఉంది, హడ్సన్ నది కింద నుంచి పోతుంది, రాత్రంతా నడుస్తుంది. నది దాటాక మళ్లీ న్యూయార్క్ సబ్‌వే ఎక్కితే ఇంకో ఛార్జీ.

సబ్‌వే 1904 అక్టోబర్ 27 నుంచి నడుస్తోంది, 472 స్టేషన్లు, రోజంతా రాత్రంతా బళ్లు. ఒక్కసారి ఎక్కితే దాదాపు 3 డాలర్లు, ఎంత దూరమైనా అంతే. దిగేటప్పుడు కార్డు ఆనించక్కర్లేదు. ఒకే కార్డు మీద నలుగురి దాకా వెళ్లొచ్చు. ఈ మూడు విషయాల్లో అది లండన్ కంటే సులువు. మిగతా అన్నిటిలో పెద్దవాళ్లకి కష్టమే. మెట్లు లేని స్టేషన్లు మూడో వంతు కంటే తక్కువ. ఎండాకాలంలో బండిలో ఏసీ చల్లగా ఉన్నా ప్లాట్‌ఫాం మాత్రం ఆవిరి పట్టినట్టుంటుంది.

అసలు చిక్కు ఎక్స్‌ప్రెస్, లోకల్ బళ్లతో వస్తుంది. 7 నంబరు లైను తీసుకోండి. ఫ్లషింగ్‌లో ఉన్న గణపతి గుడికి వెళ్లాలన్నా, జాక్సన్ హైట్స్‌లో మన సరుకులు కొనాలన్నా అదే లైను. గుండ్రటి గుర్తులో 7 ఉంటే లోకల్, అన్ని చోట్లా ఆగుతుంది. డైమండ్ ఆకారంలో 7 ఉంటే ఎక్స్‌ప్రెస్, జాక్సన్ హైట్స్‌లో ఆగకుండా వెళ్లిపోతుంది. రంగు అదే, అంకె అదే, తేడా గుర్తు చుట్టూ ఉన్న గీతలోనే. గుడికి వెళ్లేవాళ్లు ఏది ఎక్కినా ఫ్లషింగ్ మెయిన్ స్ట్రీట్ చివరి స్టేషన్ కాబట్టి ఇబ్బంది లేదు. అందుకే కొత్తవాళ్లకి నేను చెప్పేది, చివరి స్టేషన్‌కి వెళ్లే పని ముందు పెట్టుకోండి, మధ్యలో దిగే పనులు పిల్లలతో కలిసి ఒకటి రెండు సార్లు వెళ్లాక చేయండి. ఇంకోటి, కొన్ని స్టేషన్లకి బండి వెళ్లే దిక్కుని బట్టి అప్‌టౌన్, డౌన్‌టౌన్ అని రోడ్డుకి ఇటొక మెట్లదారి, అటొక మెట్లదారి ఉంటాయి. లోపలికి వెళ్లాక ఈ వైపు నుంచి ఆ వైపుకి వెళ్లలేం. కార్డు ఆనించే ముందే పైన బోర్డు చదవాలి.

అమెరికాలో మిగతా ఊళ్ల గురించి ఒక్క మాట. డాలస్‌లో లైట్ రైల్ ఉంది గానీ మనవాళ్లు ఎక్కువగా ఇళ్లు కొంటున్న ఫ్రిస్కో దాకా రాదు. న్యూజెర్సీలోనే బ్రిడ్జ్‌వాటర్ వేంకటేశ్వరస్వామి గుడికి కారు లేనిదే కుదరదు. కొడుకు అక్కడుంటే వెళ్లకుండా ఉంటామా, వెళ్తాం. రైలు మీద ఆశ పెట్టుకోకుండా, వాకింగ్‌కి తోడు దొరికే కాలనీయేనా అని కనుక్కుని వెళ్లాలి.

టోక్యో

టోక్యో నాకు ఆశ్చర్యం కలిగించే ఊరు. భాష ఒక్క ముక్క రాకపోయినా తిరగగలిగేలా బోర్డులు పెట్టారు. సింగపూర్‌లో లాగే లైనుకి అక్షరం, స్టేషన్‌కి అంకె. ఆసియాలో మొదటి భూగర్భ మెట్రో 1927లో ఇక్కడే, ఉయెనో, అసకుసా మధ్య మొదలైంది, ఇప్పటి గింజా లైను అదే. టోక్యో మెట్రోవి 9 లైన్లు, తోయీ సంస్థవి 4, వీటికి తోడు జేఆర్ (జపాన్ రైల్వేస్) రైళ్లు, ప్రైవేటు రైళ్లు. ఒక సంస్థ బండి దిగి ఇంకో సంస్థ బండి ఎక్కితే ఛార్జీ మళ్లీ మొదటి నుంచి. సుయికా గానీ పాస్మో గానీ కార్డు ఉంటే గేటే లెక్క చూసుకుంటుంది, మనం తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. యమనోటే లైను ఊరి చుట్టూ వలయంలా తిరుగుతుంది, 30 స్టేషన్లు. తప్పు దిక్కుకి ఎక్కినా గంటలో తిరిగి అక్కడికే వస్తారు. కొత్తవాళ్లకి అంతకంటే నిశ్చింత ఏముంటుంది?

మన ఐటీ పిల్లలు ఎక్కువగా ఉండేది నిషి కసాయి, తోజాయ్ లైను మీద. పొద్దున ఆఫీసు వేళ ఆ లైను పెద్దవాళ్లకి పనికిరాదు. టోక్యోలో అత్యంత రద్దీ లైన్లలో అదొకటి, కరోనాకి ముందు నిర్ణీత సామర్థ్యానికి దాదాపు రెట్టింపు జనంతో నడిచేది. పదింటి తర్వాత బయల్దేరితే బండి ఖాళీగా, ప్రశాంతంగా ఉంటుంది. లోపల ఫోన్లో మాట్లాడకూడదు. మన ఊరి నుంచి ఫోన్ వస్తే ఎత్తకుండా దిగాక చేస్తామని ముందే చుట్టాలకి చెప్పి పెట్టండి. షింజుకు స్టేషన్ మాత్రం తప్పించుకోగలిగితే తప్పించుకోండి. 200 దాకా బయటికి దారులున్న స్టేషన్ అది. తప్పనిసరైతే ఏ దారి గుండా బయటికి రావాలో పిల్లల్ని అడిగి ఆ నంబరు కాగితం మీద రాసుకుని వెళ్లాలి.

చదువుకి వెళ్లే పిల్లలకి

ఇక్కడ మోకాళ్ల లెక్క వర్తించదు, జేబు లెక్క వర్తిస్తుంది. ఆ లెక్కన జర్మనీ ముందుంటుంది. 2023 మేలో నెలకి 49 యూరోలతో దేశమంతా పనిచేసే పాసు పెట్టారు. ఆ తర్వాత ధర పెరిగింది, అయినా అన్ని ఊళ్ల మెట్రోలు, ట్రాములు, సిటీ బస్సులు, ప్రాంతీయ రైళ్లు దాంట్లోకి వస్తాయి. వేగంగా వెళ్లే ఐసీఈ, ఐసీ రైళ్లకి మాత్రం చెల్లదు. ఇది చందా పద్ధతి. ఆపాలనుకుంటే నెల 10వ తేదీలోపు చెప్పాలి, లేకపోతే తర్వాతి నెల డబ్బు కూడా పోతుంది. చాలా యూనివర్సిటీల్లో సెమిస్టర్ ఫీజులోనే ప్రయాణం పాసు కలిసి ఉంటుంది, అడ్మిషన్ కాగితాల్లో అది ఉందో లేదో చూడకుండా వేరే పాసు కొనకండి.

జర్మనీ స్టేషన్లలో గేట్లు ఉండవు. నేరుగా నడిచి వెళ్లి బండి ఎక్కేయొచ్చు. అది చూసి టికెట్ అక్కర్లేదనుకునేరు. మామూలు బట్టల్లో చెకింగ్ వాళ్లు ఎక్కుతారు, టికెట్ లేకపోతే 60 యూరోలు. కొన్ని కాగితం టికెట్లు కొన్నాక మిషన్లో ముద్ర కూడా వేయించాలి. ముద్ర లేని టికెట్ లేని టికెట్‌తో సమానం.

లండన్‌లో చదివే పిల్లలు జోన్లు చూసి గది తీసుకోవాలి. ఊరి బయటి జోన్లలో అద్దె తక్కువ, రోజూ రైలు ఖర్చు ఎక్కువ. రెండూ కలిపి నెలకి ఎంత అవుతుందో లెక్క వేశాకే అడ్వాన్సు కట్టండి. పారిస్‌లో అయితే టికెట్ గానీ కార్డు గానీ దిగేదాకా దగ్గరే ఉంచుకోండి, లోపల ఎక్కడైనా చెకింగ్ ఉంటుంది.

వెళ్లే ముందు ఒక రోజు చెన్నైలో

ఏ దేశం వెళ్లినా పనికొచ్చే సాధన మనకి 175 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. వీసా పని మీదో డాక్టర్ దగ్గరికో చెన్నై ఎట్లాగూ వెళ్తారు. ఆ రోజు ఆటో మానేసి మెట్రో ఎక్కండి. బస్సులో వెళ్తే ఆంధ్రా బస్సులు మాధవరంలో దింపుతాయి. అందుకని పినాకినీలోనో, పొద్దున్నే వెళ్లే ఇంకో రైల్లోనో సెంట్రల్‌లో దిగండి. మెట్రో స్టేషన్ అక్కడే భూమి కింద ఉంది. బ్లూ, గ్రీన్ రెండు లైన్లూ కలిసే చోటు అది.

గ్రీమ్స్ రోడ్డు ఆస్పత్రుల వైపు పనైతే బ్లూ లైనులో థౌజండ్ లైట్స్‌లో దిగాలి. విమానాశ్రయం కూడా అదే లైను చివర. టీ నగర్‌కి ఇప్పటి లైన్లు నేరుగా పోవు, తేనాంపేటలో గానీ నందనంలో గానీ దిగి ఆటో పట్టాలి. ఛార్జీ 10 రూపాయల నుంచి 50 దాకా. ఈ భూగర్భ స్టేషన్లలో ప్లాట్‌ఫాం తలుపులున్నాయి, ఎస్కలేటర్లున్నాయి, సామాను స్కానింగ్ ఉంది, ఏ వైపు ఏ బండి వస్తుందో చూపే బోర్డులున్నాయి. సింగపూర్‌లో ఎదురయ్యేవన్నీ ఇంచుమించు ఇవే.

అమ్మని ముందు నడవనివ్వండి. అబ్బాయి వెనక నిలబడి నోరు మెదపకూడదు. ఆమె చేతిలో కార్డు ఉంటుంది, గేటు ముందు ఆగుతుంది. కార్డు గబుక్కున ఆనించి తీసేస్తుంది, గేటు తెరుచుకోదు. వెనకాల నలుగురు ఉంటారు. "ఏం చేయాల్రా ఇప్పుడు?" అంటుంది. "ఒక సెకను ఆనించి ఉంచమ్మా, లైటు వెలిగాక తియ్యి" అని ఒక్కసారి చెప్పండి. రెండో స్టేషన్లో ఆమే చేసేస్తుంది. ఎస్కలేటర్ మీద చీర కుచ్చిళ్లు కొంచెం ఎత్తి పట్టుకోవడం, మొదటి అడుగు పసుపు గీత మధ్యలో పెట్టడం కూడా ఇక్కడే అలవాటు చేయాలి. విదేశంలో మొదటిసారి చేయాల్సి వస్తే భయపడి లిఫ్టు కోసం వెతుకుతూ ఆగిపోతారు.

ఒంగోలు, మార్కాపురం వైపు వాళ్లకి హైదరాబాద్ అలవాటైతే అక్కడైనా సరే. విజయవాడ హైవే మీదుగా వచ్చే బస్సులో ఎల్‌బీ నగర్‌లో దిగితే రెడ్ లైను మొదటి స్టేషన్ అక్కడే, మియాపూర్ దాకా వెళ్తుంది. హైటెక్ సిటీ వెళ్లాలంటే అమీర్‌పేటలో బ్లూ లైనుకి మారాలి. ఒక లైను నుంచి ఇంకో లైనుకి మారడం నేర్చుకోవడానికి అమీర్‌పేట కంటే మంచి చోటు లేదు, అంత రద్దీగా ఉంటుంది. హైదరాబాద్ మెట్రో మొత్తం వంతెనల మీదే నడుస్తుంది కాబట్టి భూమి కింద దిక్కు తెలియని అనుభవం మాత్రం అక్కడ దొరకదు.

ఇప్పుడు ఎంపిక సంగతి. ఇద్దరు పిల్లలు రెండు దేశాల్లో ఉండి, అమ్మానాన్నలకి ఇదే మొదటి విదేశీ ప్రయాణమైతే సింగపూర్‌ని ముందు పెట్టండి. ఆ ధైర్యంతో తర్వాత ఏడాది లండన్ వెళ్లొచ్చు. డిసెంబర్‌లో అయితే దుబాయ్. జపాన్ అంటే భాష గురించి భయపడేవాళ్లకి నేను చెప్పేది, అక్కడ భాష కంటే రద్దీ వేళలే పెద్ద సమస్య, అవి తప్పించుకోవడం మన చేతుల్లో పనే. అమెరికా వెళ్లేది పిల్లల కోసమే, రైళ్ల కోసం కాదు. జెర్సీ సిటీలో స్టేషన్ పక్కన ఉంటే మాత్రం అక్కడ కూడా హాయిగా తిరగొచ్చు.

బయల్దేరే వారం ముందు బ్యాంకు పని పూర్తి చేసుకోండి. మన కార్డుల్లో విదేశీ వాడకం మామూలుగా ఆపి ఉంటుంది, బ్యాంకు యాప్‌లో మనమే ఆన్ చేసుకోవాలి. కార్డు మీద నాలుగు వంపు గీతల గుర్తు ఉందో లేదో చూడండి, అది లేకపోతే గేటుకి ఆనించినా పనిచేయదు. జాయింట్ ఖాతా అయినా అమ్మకి ఒక కార్డు, నాన్నకి ఒక కార్డు విడిగా ఉండాలి. ఇంటి దగ్గరి స్టేషన్ పేరు, లైను రంగు, బయటికి వచ్చే దారి నంబరు, పిల్లల ఫోన్ నంబరు, ఈ నాలుగూ పెద్ద అక్షరాలతో ఒక అట్ట మీద రాసి ఇద్దరి సంచుల్లోనూ పెట్టండి. ఫోన్లో ఉందిగా అంటారు. ఛార్జింగ్ అయిపోయినప్పుడు పనికొచ్చేది ఆ అట్టే.